టూరింగ్ బైకు వెనుక ఎయిర్ షాక్‌లు: ఎంత గాలి పెట్టాలి, దేనితో పెట్టాలి, అసలు ఉంచుకోవాలా

హార్లే-డేవిడ్‌సన్ 2010లో మన దేశంలో అమ్మకాలు మొదలుపెట్టింది. అప్పటి నుంచి 2016 మోడళ్ల వరకు ఇక్కడికి వచ్చిన స్ట్రీట్ గ్లైడ్, రోడ్ కింగ్, ఎలక్ట్రా గ్లైడ్ వంటి టూరింగ్ బైకుల్లో చాలావాటికి వెనుక వైపు గాలి నింపి సరిచేసుకునే షాక్ అబ్జార్బర్లు ఉన్నాయి. ఆ బైకులు ఇప్పుడు రెండో చేతికి, మూడో చేతికి మారుతున్నాయి. అమెరికాలో ఉంటున్న తెలుగువారు సెకండ్ హ్యాండ్‌లో కొనే పెద్ద బైకుల్లోనూ ఇలాంటి షాక్‌లు తరచుగా కనిపిస్తాయి. బండితో పాటు మాన్యువల్, షాక్‌లకు గాలి పెట్టే చిన్న పంపు కూడా కొత్త యజమానికి చేరడం అరుదు. దాంతో షాక్‌లలో ఎంత గాలి ఉందో తెలియకుండానే నెలల తరబడి నడిపేవారు ఉన్నారు. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గర నడుము పట్టేసిందని చెప్పి, ఉన్న షాక్‌లను ఒక్కసారైనా సరిగ్గా కొలవకుండానే ఖరీదైన కొత్త జత కోసం ఆర్డరు పెట్టేవారూ ఉన్నారు.

ఇందులో మూడు ఎంపికలు కలిసిపోయి ఉన్నాయి. ఎంత గాలి పెట్టాలో ఏ పద్ధతిలో తేల్చుకోవాలి, ఆ గాలిని దేనితో నింపాలి, ఎయిర్ షాక్‌లనే ఉంచుకోవాలా లేక వేరే రకానికి మారాలా అన్నవే ఆ మూడు. మొదటి రెండూ సరిగ్గా తేలకముందే మూడో దానికి డబ్బు పెట్టకూడదన్నది నా గట్టి అభిప్రాయం. మూడో ఎంపికకు వచ్చాక కూడా ఏ కంపెనీ షాక్ గొప్పదన్న ప్రశ్న కంటే, మీ బండి మీద బరువు ఎంత తరచుగా మారుతుందన్న ప్రశ్నే ఎక్కువ ఉపయోగపడుతుంది.

గాలి చేసే పని, చేయలేని పని

ఈ షాక్‌లలో గాలి ఒక్కటే ఉండదు. లోపల ఒక స్ప్రింగు ఉంటుంది, కదలికను అదుపు చేసే ఆయిల్ ఉంటుంది, ఆ ఆయిల్ పైన మిగిలిన కొద్దిపాటి ఖాళీలో గాలి ఉంటుంది. మనం బయటి నుంచి మార్చగలిగేది ఆ గాలి పీడనం ఒక్కటే. పీడనం పెంచితే లోపలి స్ప్రింగుకు గాలి తోడై బండి వెనుక భాగం కాస్త పైకి లేస్తుంది, బరువు మోసే శక్తి పెరుగుతుంది. సైకిల్ పంపు చివర రంధ్రాన్ని బొటనవేలితో మూసి పిడిని నొక్కితే మొదట తేలిగ్గా దిగి, చివరికి వచ్చేసరికి రాయిలా బిగుసుకుపోతుంది కదా, షాక్‌లోని గాలి కూడా అదే తీరున పని చేస్తుంది. లోపలి ఖాళీ చాలా చిన్నది కాబట్టి షాక్ సగం కుదించుకునేసరికే పీడనం బాగా పెరుగుతుంది. చిన్న గతుకుల మీద మెత్తగా ఉంటూనే పెద్ద గుంతలో షాక్ పూర్తిగా అడుగంటకుండా ఆపగలగడం గాలికి ఉన్న నిజమైన మేలు.

గాలి చేయలేనిది డ్యాంపింగ్. కుదించుకున్న స్ప్రింగు తిరిగి ఎంత వేగంగా సాగాలో నిర్ణయించేది లోపలి ఆయిల్, అది దూరి వెళ్లే సన్నని రంధ్రాలు. ఆయిల్ పలచబడి సీళ్లు అరిగిన షాక్‌లో ఎంత గాలి కొట్టినా బండి ఇంకా గట్టిగా ఎగురుతుందే తప్ప కుదుటపడదు. దీన్ని ఇంటి దగ్గరే పరీక్షించవచ్చు. బండిని నిటారుగా పట్టుకుని వెనుక సీటు మీద బరువంతా వేసి ఒక్కసారి నొక్కి వదలండి. వెనుక భాగం పైకి వచ్చి ఆగిపోవాలి. పైకి వచ్చి, మళ్లీ కిందికి దిగి, మళ్లీ లేస్తే డ్యాంపింగ్ పోయినట్టే. అలాంటి షాక్‌కు ఎంత గాలి పెట్టాలన్న ప్రశ్నతో పని లేదు, అది మార్చాల్సిన షాక్.

హార్లే టూరింగ్ బైకుల్లో రెండు షాక్‌లనూ సన్నని గొట్టాలతో కలిపి ఒకే వాల్వ్‌కు తెచ్చారు. చాలా మోడళ్లలో అది ఎడమ వైపు సాడిల్‌బ్యాగ్ (వెనుక చక్రం పక్కన ఉండే డిక్కీ) దగ్గర ఉంటుంది, చూడటానికి టైరు ట్యూబు వాల్వ్ లాగే ఉంటుంది. రెండింటికీ దారి ఒకటే కావడంతో కుడి ఎడమల మధ్య పీడనం తేడా రాదు, కానీ ఎక్కడ ఒక చోట లీకైనా రెండు షాక్‌లూ కలిసే ఖాళీ అవుతాయి. ఇండియన్ మోటర్‌సైకిల్ వారి చీఫ్‌టన్, రోడ్‌మాస్టర్ బైకుల్లో వెనుక ఒకే షాక్ ఉంటుంది, చాలా మోడళ్లలో దానికీ గాలితోనే సర్దుబాటు. కవాసాకి వల్కన్ 1700 వాయేజర్‌లోనూ గాలి షాక్‌లే ఉన్నాయి. కొలిచే పద్ధతి వీటన్నిటికీ ఒకటే, పెట్టాల్సిన అంకెలు మాత్రం దేనివి దానివే.

ఎంత గాలి: పట్టిక, కొలత, అనుభూతి

పీడనాన్ని నిర్ణయించుకోవడానికి జనం మూడు దారులు వాడతారు. మొదటిది మాన్యువల్‌లోని పట్టిక. రైడర్ బరువు, వెనుక కూర్చునేవారి బరువు, సామాను బరువు చూసి ఇంత పీడనం పెట్టమని అది చెబుతుంది. స్థూలంగా చూస్తే హార్లే టూరింగ్ బైకుల్లో తేలికైన రైడర్ ఒక్కడే వెళ్లేటప్పుడు సున్నాకు దగ్గరగా, ఇద్దరు మనుషులు నిండు సామానుతో వెళ్లేటప్పుడు 20 నుంచి 35 పీఎస్‌ఐ (టైరు గాలి కొలిచే అదే ప్రమాణం) మధ్యకు ఈ అంకెలు వస్తాయి. 50 పీఎస్‌ఐ దాటకూడదన్న హెచ్చరికను హద్దుగా పాటించాలి. అయితే ఏడాదిని బట్టి, షాక్ పొడవును బట్టి పట్టిక మారుతుంది. పొట్టి షాక్‌లున్న స్ట్రీట్ గ్లైడ్ అంకెలను రోడ్ కింగ్‌కు వాడకూడదు. స్నేహితుడి బండికి సరిపోయిన అంకె మీ బండికి సరిపోవాలన్న నియమమూ లేదు.

రెండో దారి కొలత. రైడర్ కూర్చున్నప్పుడు వెనుక సస్పెన్షన్ ఎంత కుంగుతుందో టేపుతో కొలవడమే ఇది. సస్పెన్షన్ పని చేసేవారు దీన్ని శాగ్ అంటారు. నేను అందరికీ సిఫారసు చేసే పద్ధతి ఇదే. షాక్ పాతబడి లోపలి స్ప్రింగు కాస్త మెత్తబడినా, గత యజమాని సీటు మార్చినా, మీ బరువు పట్టికలోని గడుల మధ్య ఎక్కడో పడినా, టేపు చూపించేది మీ బండి ప్రస్తుత స్థితినే.

ఇందుకు ఒక మోటర్‌సైకిల్ జాకీ, ఒక టేపు, ఇద్దరు సహాయకులు కావాలి. ముందుగా బండిని ఫ్రేమ్ కింద జాకీతో జాగ్రత్తగా లేపి, వెనుక చక్రం నేలను తాకకుండా వేలాడనివ్వండి. వెనుక యాక్సిల్ నట్టు మధ్య నుంచి నిలువుగా పైన సాడిల్‌బ్యాగ్ గార్డు మీదో మడ్‌గార్డు పట్టీ మీదో ఒక గుర్తు పెట్టి, ఆ దూరాన్ని మిల్లీమీటర్లలో రాసుకోండి. షాక్ పూర్తిగా సాగినప్పటి కొలత ఇది. దీన్ని ఒక్కసారి తీసుకుంటే చాలు, గాలి మార్చినంత మాత్రాన మారదు. తరువాత బండిని నేల మీదికి దించి, ఒకరు హ్యాండిల్ పట్టుకుని నిటారుగా ఉంచగా, మీరు రోజూ వేసుకునే జాకెట్, హెల్మెట్, బూట్లతో రెండు కాళ్లూ ఫుట్‌బోర్డుల మీద పెట్టి కూర్చోండి. రెండో మనిషి వెనుక భాగాన్ని కాస్త కిందికి నొక్కి మెల్లగా వదిలి ఒక కొలత తీయాలి, కాస్త పైకి ఎత్తి మెల్లగా వదిలి ఇంకో కొలత తీయాలి. సీళ్ల రాపిడి వల్ల ఈ రెండూ ఒకటిగా రావు, రెండింటి సగటు తీసుకోవాలి. పూర్తిగా సాగినప్పటి కొలతలోంచి ఈ సగటును తీసివేస్తే వచ్చేదే మీ కుంగుదల.

వెనుక చక్రం మొత్తం కదలికలో మూడో వంతుకు దగ్గరగా కుంగితే సరైన స్థితి. రోడ్ కింగ్, ఎలక్ట్రా గ్లైడ్ అల్ట్రా వంటి వాటిలో వెనుక కదలిక సుమారు 3 అంగుళాలు, అంటే 76 మిల్లీమీటర్లు. కాబట్టి 25 మిల్లీమీటర్ల కుంగుదల బాగుంటుంది. స్ట్రీట్ గ్లైడ్‌లో కదలిక సుమారు 2 అంగుళాలే కాబట్టి అక్కడ 17 మిల్లీమీటర్ల దగ్గర ఆగాలి. చూసేవారికి స్ట్రీట్ గ్లైడ్ వెనుక భాగం కిందికి ఉండి అందంగా కనిపిస్తుంది, కానీ ఆ అందానికి కదలికలో మూడో వంతును వదులుకున్నారు. రాష్ట్ర రహదారుల గుంతల మీద ఎక్కువగా తిరిగేవారు ఈ రెండు బండ్ల మధ్య ఎంచుకునేటప్పుడే దీన్ని లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే ఎంత గాలి కొట్టినా లేని కదలిక రాదు.

10 పీఎస్‌ఐతో మొదలుపెట్టి కొలవండి. ఎక్కువ కుంగితే 5 పెంచి మళ్లీ కొలవండి, తక్కువ కుంగితే 5 తగ్గించండి. లక్ష్యానికి దగ్గర పడ్డాక రెండేసి పీఎస్‌ఐ చొప్పున మార్చితే చాలు. ఒంటరిగా ఒకసారి, వెనుక మనిషితో ఒకసారి, మనిషితో పాటు నిండిన డిక్కీలతో ఒకసారి ఈ పని చేసి మూడు అంకెలనూ ఫోనులో రాసుకుంటే, బండి మీ దగ్గర ఉన్నంత కాలం పనికొస్తాయి. ఒక పూట పడుతుంది. కొత్త సీటు వెతకడానికి పెట్టే సమయం కంటే ఇది చాలా తక్కువ.

వెనుక కూర్చునేవారి బరువుకూ సామాను బరువుకూ ఒక తేడా ఉంది. రైడర్ బరువును రెండు చక్రాలూ పంచుకుంటాయి. వెనుక కూర్చున్నవారి బరువులో చాలా భాగం వెనుక చక్రం మీదే పడుతుంది. టూర్‌ప్యాక్‌లో, అంటే వెనుక పెద్ద డిక్కీలో పెట్టే సామాను మాత్రం యాక్సిల్‌కు కాస్త వెనక్కి ఉంటుంది. అక్కడ పెట్టిన ప్రతి కిలో వెనుక చక్రాన్ని కిలో కంటే ఎక్కువ బరువుతో నొక్కుతూ, ముందు చక్రాన్ని ఆ మేరకు తేలిక చేస్తుంది. మూత పడేదాకా టూర్‌ప్యాక్ నింపి గాలి మాత్రం పెంచకపోతే, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో హ్యాండిల్ తేలికగా, నిలకడ లేకుండా తోచడానికి ఇదే కారణం. బరువైన పనిముట్లు, నీళ్ల సీసాలు కింది సాడిల్‌బ్యాగుల్లో పెట్టి, బట్టలు పైన పెట్టుకోవడం ఏ గాలి సర్దుబాటు కంటే ముందు చేయాల్సిన పని. మొత్తం బరువు ఫ్రేమ్ మీది ప్లేటులో రాసిన గరిష్ఠ పరిమితిని మించకూడదు. గాలి పెంచితే వెనుక భాగం లేస్తుంది గానీ ఫ్రేము, టైర్లు, బ్రేకులు మోయగల బరువు పెరగదు.

మూడో దారి అనుభూతి. చాలామంది దీనితోనే మొదలుపెట్టి దీనితోనే ఆగిపోతారు. చివరి రెండు మూడు పీఎస్‌ఐల సర్దుబాటుకు ఇది అవసరమే. అయితే ఏ లక్షణం దేనివల్ల వస్తుందో తెలియాలి. గాలి తక్కువైతే స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు అడుగు తగిలిన ఢక్కుమనే చప్పుడు వస్తుంది, మలుపుల్లో ఫుట్‌బోర్డు ముందుగా రోడ్డుకు రాసుకుంటుంది, రాత్రి హెడ్‌లైటు వెలుగు ఎదురు వచ్చేవారి కళ్లలో పడుతుంది. శ్రీశైలం ఘాట్‌లో, అరకు ఘాట్‌లో ఇద్దరితో వెళ్లేటప్పుడు బండి మలుపులోకి తిరగడానికి బద్ధకిస్తే ముందు వెనుక గాలినే అనుమానించాలి. గాలి ఎక్కువైతే చిన్న చిన్న అతుకులు కూడా వెన్నెముకకు తెలుస్తాయి, రంబుల్ స్ట్రిప్స్ మీద వెనుక చక్రం గాలిలో తేలినట్టు చిందులు వేస్తుంది, గుంత దాటాక షాక్ పూర్తిగా సాగి టక్కుమంటుంది. అనుభూతి మీద మాత్రమే ఆధారపడేవారికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. షాక్ అడుగంటినప్పుడు నడుముకు తగిలే దెబ్బ, షాక్ మరీ బిగుసుకున్నప్పుడు తగిలే దెబ్బ కూర్చున్నవారికి దాదాపు ఒకేలా అనిపిస్తాయి. ఒకదానికి గాలి పెంచాలి, రెండోదానికి తగ్గించాలి. టేపు లేకుండా ఈ రెండింటినీ వేరు చేయడం కష్టం.

ఇదంతా చేసే ముందు టైర్ల గాలి చూసుకోవాలి. 2009 తర్వాతి హార్లే టూరింగ్ బైకుల్లో సాధారణంగా ముందు టైరుకు 36, వెనుక టైరుకు 40 పీఎస్‌ఐ. వెనుక టైరు 30కి పడిపోయి ఉంటే షాక్ మీద తీసుకున్న ఏ నిర్ణయమూ నిలవదు.

ఎండ, చలి, ఎత్తు

గేజు చూపించేది బయటి వాతావరణ పీడనం కంటే లోపల ఎంత ఎక్కువ ఉందో మాత్రమే. అందుకే ఎత్తు మారితే అంకె మారుతుంది. వేడికీ చలికీ లోపలి గాలి పీడనమే మారుతుంది కాబట్టి ఉష్ణోగ్రత మారినా అంకె మారుతుంది. 20 డిగ్రీల చల్లని ఉదయం 20 పీఎస్‌ఐ పెట్టిన షాక్ 45 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 23 చూపిస్తుంది. గుంతల రోడ్డు మీద గంటసేపు నడిపితే లోపలి ఆయిల్ కూడా వేడెక్కుతుంది కాబట్టి ఎండ లేకపోయినా ఈ పెరుగుదల ఉంటుంది. బండి రాత్రంతా నీడలో నిలబడ్డాక ఉదయం కొలవడమే సరైన పద్ధతి. దారి మధ్యలో వేడి మీద కొలిచి, ఎక్కువైందని గాలి తీసేస్తే మర్నాటికి తక్కువవుతుంది.

శీతాకాలంలో రాజమహేంద్రవరం నుంచి లంబసింగి వెళ్లేవారికి చలి వల్ల అంకె సుమారు 3 తగ్గవచ్చు, వెయ్యి మీటర్ల ఎత్తు వల్ల ఒకటిన్నర పెరగవచ్చు. మిగిలిన తేడా కోసం పంపు బయటికి తీయనక్కర్లేదు. హైదరాబాద్ నుంచి 3500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ దాకా వెళ్లేవారికి ఎత్తు ఒక్కటే దాదాపు 4 పీఎస్‌ఐ పెంచుతుంది, అక్కడి చలి అందులో కొంత తగ్గిస్తుంది. అక్కడ కొన్ని రోజులు తిరగాలనుకుంటే ఒక ఉదయం కొలిచి సరిచేసుకోవడం మంచిది, తిరిగి కిందికి దిగాక మళ్లీ కొలవడం మరిచిపోకూడదు.

దేనితో నింపాలి

టైరుకూ షాక్‌కూ ఉన్న తేడా ఇక్కడ బాగా బయటపడుతుంది. టైరులో గాలి పట్టే చోటు చాలా ఉంటుంది. గేజు పెట్టి తీసినప్పుడు కొంచెం గాలి పోయినా అంకె కదలదు. షాక్‌లలోని ఖాళీ అతి చిన్నది. మామూలు టైరు గేజు గొట్టంలోకి వెళ్లే గాలి, తీసేటప్పుడు బుస్సుమని పోయే గాలి కలిసి అనేక పీఎస్‌ఐలు మాయమవుతాయి. అంటే కొలవడం వల్లే అంకె మారిపోతుంది. అందుకే గాలి పోకుండా విడదీయగలిగే చిన్న చేతి పంపులు ఈ షాక్‌ల కోసం ప్రత్యేకంగా ఉన్నాయి. వాటి మూతి వాల్వ్ పిన్నును ముందు వదిలి, తరువాత మర మీద నుంచి బయటికి వస్తుంది. అప్పుడు వినబడే చిన్న శబ్దం పంపు గొట్టంలో మిగిలిన గాలిదే, షాక్‌లోది కాదు.

పెట్రోల్ బంకులోని గాలి మిషను, పంక్చర్ షాపు కంప్రెసర్ ఈ పనికి పనికిరావని నేను స్పష్టంగా చెబుతాను. అవి లారీ టైర్లను నింపడానికి తగిన వేగంతో గాలి వదులుతాయి. షాక్‌లోని కొద్దిపాటి ఖాళీ కన్ను మూసి తెరిచేలోపు నిండిపోయి, సీళ్లు తట్టుకోలేని పీడనం చేరే ప్రమాదం ఉంది. ఎంత పెట్టమని చెప్పినా పక్కనున్న కుర్రవాడి చేతిలో అంత సున్నితమైన అదుపు ఉండదు, అది అతని తప్పు కాదు. బ్యాటరీతో నడిచే చిన్న టైరు పంపులు ఇప్పుడు చాలామంది డిక్కీలో ఉంటున్నాయి. అవి కంప్రెసర్ కంటే నయం. అయినా వాటి గొట్టం మరను విప్పేటప్పుడు గాలి పోతుంది కాబట్టి తెర మీది అంకెకూ షాక్‌లో మిగిలే అంకెకూ పొంతన ఉండదు. దారిలో వేరే గతి లేనప్పుడు వాడుకోవచ్చు.

మౌంటెన్ సైకిళ్ల షాక్‌లకు వాడే చేతి పంపు ఆన్‌లైన్‌లో సులువుగా, తక్కువ ధరకు దొరుకుతుంది. దాని మూతి మంచిదే, నెమ్మదిగా నింపుతుంది. లోపమల్లా గేజులోనే ఉంది. వాటిలో చాలావరకు 300 పీఎస్‌ఐ దాకా చూపించేవి, అంత పెద్ద కొలమానం మీద 12కూ 16కూ తేడా కంటికి ఆనదు. 60 పీఎస్‌ఐ వరకే చూపించే గేజు ఉన్న పంపు దొరికితే కొంచెం ఎక్కువ పెట్టి అదే కొనండి. ఈ మొత్తం వ్యవహారంలో వెచ్చించే ప్రతి రూపాయికీ ఎక్కువ ఫలితం ఇచ్చే వస్తువు ఇదేనని నా నమ్మకం.

గాలి తీసేటప్పుడు ఒక జాగ్రత్త పాటించాలి. గాలితో పాటు కొంచెం తేమ, ఆయిల్ తుంపర కూడా బయటికి రావచ్చు. వాల్వ్ చుట్టూ గుడ్డ పట్టుకుని మెల్లగా వదలాలి. ఆ తుంపర వెనుక టైరు మీదో బ్రేకు డిస్కు మీదో పడితే శుభ్రంగా తుడిచాకే బండి కదపాలి. కొలిచేటప్పుడు బండి ప్రతిసారీ ఒకే స్థితిలో, మనిషి గానీ సామాను గానీ లేకుండా ఉంటేనే అంకెలను పోల్చుకోవచ్చు.

ఉంచుకోవాలా, మార్చుకోవాలా

మంచి డ్యాంపింగ్ ఉన్న ఎయిర్ షాక్‌లకు ఇప్పటికీ గట్టి పోటీ ఇవ్వగలవి తక్కువే, వాటి బలం ఉన్న చోట చూస్తే. వారమంతా ఒంటరిగా ఆఫీసుకు వెళ్లి, శనివారం ఉదయం భార్యతో కలిసి నాలుగు రోజుల ప్రయాణానికి బయలుదేరే మనిషికి రెండు నిమిషాల పంపు పనితో బండి సిద్ధమవుతుంది. స్పానర్లు అక్కర్లేదు, పాత అంకె ఫోనులోనే ఉంటుంది. బలహీనతలూ ఉన్నాయి. సీళ్లు, గొట్టాలు, వాల్వ్ అన్నీ కాలంతో లీకయ్యేవే. షాక్ పాడైతే విప్పి బాగు చేయించడం మామూలుగా కుదరదు, మార్చాల్సిందే. డ్యాంపింగ్‌ను విడిగా సరిచేసుకునే వీలు లేదు.

దీనికి ప్రత్యామ్నాయంగా ఎక్కువమంది చూసేవి కాయిల్ స్ప్రింగ్ షాక్‌లు. ప్రోగ్రెసివ్ సస్పెన్షన్, ఓలిన్స్ వంటి కంపెనీలు హార్లే టూరింగ్ ఫ్రేములకు సరిపోయేలా వీటిని తయారు చేస్తాయి. వీటిలో స్ప్రింగు మీద ముందస్తు ఒత్తిడిని ఒక రింగు తిప్పి మార్చాలి. లీకుల బెడద ఉండదు, ఎండకూ ఎత్తుకూ అంకె మారదు. మంచి జత అయితే డ్యాంపింగ్ నాణ్యత ఫ్యాక్టరీ ఎయిర్ షాక్‌ల కంటే చాలా మెరుగ్గా ఉంటుంది, బావిలా దిగిన గుంత తర్వాత కూడా బండి ఒక్క ఊపులో కుదురుకుంటుంది. కొన్ని ఖరీదైన రకాల్లో డ్యాంపింగ్‌ను కూడా విడిగా సరిచేసుకోవచ్చు, విప్పి ఆయిల్ మార్పించుకోవచ్చు. ఇబ్బంది రెండు చోట్ల ఉంది. మొదటిది, కొనేటప్పుడే మీ బరువుకు తగిన స్ప్రింగును ఎంచుకోవాలి. 60 కిలోల మనిషికి సరిపోయే స్ప్రింగు ఇద్దరు మనుషుల సామానుకు ఎంత రింగు తిప్పినా సరిపోదు. రెండోది, కొన్ని రకాల్లో ఆ రింగు తిప్పాలంటే సాడిల్‌బ్యాగులు తీసి పనిముట్టుతో కూర్చోవాలి. ఆ శ్రమ వల్ల చాలామంది ఒకసారి పెట్టి వదిలేస్తారు, ఒంటరిగా ఉన్నప్పుడూ ఇద్దరున్నప్పుడూ అదే సర్దుబాటుతో తిరుగుతారు. మన దేశంలో దిగుమతి సుంకం, తెప్పించడానికి పట్టే సమయం కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మూడో రకంలో చేత్తో తిప్పే బిరడా ఉంటుంది. అది ఆయిల్ ఒత్తిడి ద్వారా స్ప్రింగును బిగిస్తుంది. హార్లే కంపెనీ 2017 మోడళ్లలో మిల్వాకీ-ఎయిట్ ఇంజనుతో పాటు తన టూరింగ్ వరుసకు తెచ్చినవి ఇవే, గాలి సర్దుబాటు అప్పుడు పోయింది. హోండా గోల్డ్ వింగ్ కూడా ఇదే దారిలో నడిచింది. 1980 నాటి జీఎల్1100లో గాలి సస్పెన్షన్ వచ్చింది. ఆ తర్వాతి కొన్ని రకాల్లో బండిలోనే కంప్రెసర్ పెట్టారు. 2001 జీఎల్1800కు వచ్చేసరికి మోటారుతో స్ప్రింగును బిగించే ఏర్పాటు చేసి, రెండు సర్దుబాట్లను గుర్తుపెట్టుకునే వీలు కల్పించారు. బరువును బట్టి మార్చుకునే సౌకర్యాన్ని వదలకుండానే లీకయ్యే గాలిని వదిలించుకోవాలన్నదే ఈ మార్పుల వెనుక ఉన్న ఆలోచన అని నేను అనుకుంటాను. పాత బైకులకు సరిపోయే ఇలాంటి జతలు దొరుకుతాయి, కాని మీ బండి ఏడాదికీ, షాక్ పొడవుకూ అవి తగినవో కాదో కొనే ముందే సరిచూసుకోవాలి. డబ్బు సమస్య కాకపోతే, బరువు తరచుగా మారేవారికి నేను చెప్పేది ఈ రకమే.

నాలుగో రకం, మీట నొక్కితే నడుస్తుండగానే బండి లేచి దిగే ఎయిర్ కిట్లు. వీటికి బండిలోనే చిన్న కంప్రెసర్, వైరింగు అమర్చాలి. కాళ్లు నేలకు సరిగ్గా అందని రైడర్‌కు, ట్రాఫిక్ సిగ్నలు దగ్గర సీటు కాస్త దిగడం నిజంగా సహాయమే, ఆ ఒక్క కారణానికి నేను దీన్ని ఒప్పుకుంటాను. పార్కింగ్‌లో బండి నేలకు ఆనుకున్నట్టు కనిపించాలని మాత్రమే పెట్టించుకోవాలనుకుంటే వద్దనే చెబుతాను. కిందికి దించిన స్థితిలో మరిచిపోయి బయలుదేరితే మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే కింది భాగం తగులుతుంది. మామూలు ఎయిర్ షాక్‌లలో గాలి తీసి సీటు ఎత్తు తగ్గించుకునేవారికీ ఇదే వర్తిస్తుంది. వారికి సన్నని సీటు మంచి పరిష్కారం.

ఎక్కువగా ఒంటరిగా, తక్కువ సామానుతో తిరిగేవారు, ఉన్న షాక్‌లకు ప్రాణం ఉన్నంతవరకు వాటినే ఉంచుకుని, అవి పోయినప్పుడు తమ బరువుకు తగిన కాయిల్ జత వేయించుకోవడం మంచిది. ఎప్పుడూ ఇద్దరే, ఎప్పుడూ నిండు డిక్కీలే అయితే బరువు మారనట్టే కాబట్టి వారికీ గట్టి స్ప్రింగు ఉన్న కాయిల్ షాక్‌లే మేలు, ఇందులో సందేహించనక్కర్లేదు. బరువు వారానికోసారి మారేవారు ఎయిర్ షాక్‌లను వదలడానికి తొందరపడకూడదు. 35 పీఎస్‌ఐ పెట్టినా ఇద్దరితో కుంగుదల సగం కదలికను దాటుతోందంటే మాత్రం అది గాలితో తీరే సమస్య కాదు. లోపలి స్ప్రింగు అలసిపోయి ఉంటుంది, లేదా బరువు పరిమితి దాటి ఉంటుంది. అప్పుడు 50కి దగ్గరగా గాలి కొట్టి నడపడం కంటే కారణం వెతకడం ముఖ్యం.

సెకండ్ హ్యాండ్ బండి చూడటానికి వెళ్లేటప్పుడు ఆ చిన్న పంపును వెంట తీసుకెళ్లండి. అమ్మేవారి అనుమతితో 20 పీఎస్‌ఐ పెట్టి, ఒక రాత్రి ఆగి మర్నాడు ఉదయం అదే చల్లని వేళలో మళ్లీ కొలవండి. ఒకటి రెండు తగ్గితే పట్టించుకోనక్కర్లేదు. సగానికి పడితే వాల్వ్ మీద, గొట్టాల అతుకుల మీద సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. వాల్వ్ పిన్ను టైరు దుకాణంలో దొరికేదే, గొట్టం చివర నలిగి ఉంటే కొంచెం నిటారుగా కోసి మళ్లీ బిగించవచ్చు, ఈ రెండూ చిన్న ఖర్చులు. బుడగలు ఎక్కడా కనిపించక షాక్ ఒంటి మీద ఆయిల్ తడి కనిపిస్తే, కొత్త జత ఖరీదును బండి ధరలోంచి తగ్గించమని అడగండి.